0.66 నన్ను రెండుసార్లు ముంచింది: కేబుల్ ముక్కతో యాంటెనా కట్టిన తొమ్మిది నెలలు

పరీక్ష రాసిన ఏడు నెలలకి, 2024 సెప్టెంబరు 18న, నా హ్యామ్ లైసెన్స్, అంటే సరదాకి సొంత రేడియోలో ఇతరులతో మాట్లాడుకునే అనుమతి, చేతికొచ్చింది. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నా పేరు. ఆ రాత్రి దాన్ని ఎన్నిసార్లు పైకి చదువుకున్నానో లెక్కలేదు. 2004 సునామీ అప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి భారతి ప్రసాద్ గారు వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో కబుర్లు అందించిన సంగతి చదివినప్పటి నుంచి మనసులో ఉన్న కోరిక ఇది. ఇరవయ్యేళ్లకి తీరింది.

తీరిన మర్నాడే నీరుగారిపోయాను. ఉప్పల్ వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాది మూడో అంతస్తు. హ్యాండ్‌సెట్‌తో, అంటే చేతిలో పట్టుకునే రేడియోతో, వచ్చిన పొట్టి రబ్బరు యాంటెనా పెట్టి బాల్కనీలో నిలబడి పిలిస్తే వినిపించింది మా హాల్లో ఎల్ఈడీ బల్బు గోల ఒక్కటే. పది రోజులు రోజూ సాయంత్రం పిలిచాను, ఎవరూ పలకలేదు. ఎదురు బాల్కనీ ఆవిడ మా ఆవిడని "మీ ఆయన ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అని అడిగిందట.

పరీక్షకి నాకు పాఠాలు చెప్పిన పెద్దాయన పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరయ్యారు. గురువుగారనే అంటాను. ఫోన్ చేస్తే ఒకటే మాట అన్నారు: "బాబూ, ముందు మేడ మీద ఒక యాంటెనా పెట్టు. కొనకు, కట్టు. పాతిక మీటర్ల కేబుల్, ఒక పైపు చాలు." ఆయన చెప్పింది ఫ్లవర్‌పాట్ అనే రకం. ఒకే కేబుల్ ముక్క. పైన పావు తరంగం పొడవున, లోపలి తీగ చుట్టూ ఉండే రాగి పోగుల జాలీని ఒలిచేసి తీగని మిగల్చాలి, దాని కింద మరో పావు తరంగం కేబుల్‌ని ఉన్నదున్నట్టు వదలాలి, ఆ కింద అదే కేబుల్‌ని పైపు మీద తొమ్మిది చుట్లు చుట్టాలి. మిగిలిన కొస కిందికి దిగి రేడియోకి వస్తుంది. మధ్యలో ఎక్కడా అతుకు లేదు. నాకు ఇదే నమ్మకం కుదరలేదు. జాలీ తెగిన చోట దాన్ని దేనికీ కలపకుండా గాలికి వదిలేస్తే కరెంటు ఎటు పోతుంది? "వెనక్కి తిరిగి జాలీ బయటి వైపు మీదుగా దిగుతుంది. చుట్ల దాకా వచ్చి ఆగిపోతుంది. అదే నీ యాంటెనా రెండో సగం" అన్నారు. అర్థమైనట్టే తలూపాను. కాలేదని తర్వాత తేలింది.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక దుకాణంలో ఆర్‌జీ58 కేబుల్ 25 మీటర్లు తీసుకున్నాను. మీటరు 38 రూపాయలు, మొత్తం 950. ఇంటి దగ్గర హార్డ్‌వేర్ షాపులో కరెంటు వైరింగ్‌కి వాడే 25 మి.మీ. పీవీసీ పైపు 95. కొసకి పీఎల్259 ప్లగ్గు, అందులోకి ఇరికించే రెడ్యూసర్ కలిపి 90. రెడ్యూసర్ కావాలని ఎవరూ చెప్పలేదు. ఆ ప్లగ్గు లావుపాటి కేబుల్ కోసం చేసినది, సన్న కేబుల్ అందులో వదులుగా ఆడుతుంది. దాని కోసం మళ్లీ కోఠీ వెళ్లాను. మెట్రో టికెట్టు రెడ్యూసర్ కంటే ఎక్కువైంది.

అక్టోబరు 12 దసరా. కటింగ్ ప్లయర్, టంకం వేసే కడ్డీ, స్క్రూడ్రైవర్లు అన్నీ అమ్మ ఆయుధ పూజలో పెట్టేసింది. వాటికి బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, "రేపటి దాకా ముట్టుకోకు" అంది. కేబుల్ చుట్ట ఎదురుగా పెట్టుకుని సాయంత్రమంతా లెక్కలు వేస్తూ కూర్చున్నాను. పూజ వల్ల దొరికిన ఆ ఖాళీ సమయమే నా కొంప ముంచింది.

లెక్క ఇది. మన రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. మధ్యలో 145 తీసుకుంటే తరంగం పొడవు 300ని 145తో భాగించాలి, 2.07 మీటర్లు. అందులో పావు 51.7 సెం.మీ. ఇక్కడ ఆగాల్సింది. పరీక్షకి బట్టీ పట్టిన ముక్క గుర్తొచ్చింది: కేబుల్‌లో తరంగం గాల్లో కంటే నెమ్మదిగా నడుస్తుంది, ఆర్‌జీ58లో 0.66 వంతు వేగం. ఇది కేబుల్‌తో చేసే యాంటెనా కదా అని 51.7ని 0.66తో గుణించాను. 34 సెం.మీ. వచ్చింది. ఇంత చిన్నదా అని ముచ్చటేసింది కూడా.

13వ తేదీ పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం వేళకి పూర్తి చేశాను. నల్ల తొడుగుని బ్లేడుతో చుట్టూ గీసి లాగితే మేజోడులా ఊడొచ్చింది. జాలీ పీకడానికే గంట పట్టింది, సన్నటి రాగి పోగులు వేళ్లలో గుచ్చుకున్నాయి. ఇంట్లో చెప్పులు లేకుండా తిరిగేవాళ్లుంటే ఈ పని పాత దుప్పటి పరిచి చేయండి. మా అమ్మ కాల్లో దిగిన పోగుని మూడో రోజు గానీ తీయలేకపోయాం.

కొలిచే పరికరం నా దగ్గర లేదు. గురువుగారి దగ్గర నానోవీఎన్ఏ ఉంది గానీ ఆయన దసరాకి ఊరెళ్లి దీపావళి అయ్యాకే వస్తానన్నారు. మూడు వారాలు ఆగాలి. ఆగలేదు. బాల్కనీ గ్రిల్లుకి కట్టి మాట్లాడే బటన్ నొక్కి నిమిషం మాట్లాడాను. హ్యాండ్‌సెట్ వెనక భాగం ఇస్త్రీపెట్టెలా వేడెక్కింది. భయమేసి ఆపేశాను. సెట్టు కాలిపోకపోవడం నా అదృష్టం.

నవంబరు 3 ఆదివారం ఆ పైపుని బైకు మీద పట్టుకుని మల్కాజిగిరి వెళ్లాను. గురువుగారు నానోవీఎన్ఏకి తగిలించారు. అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఉండే పెట్టె, దాని తెరమీద ఒక గీత. గీత ఎక్కడ లోయలా దిగితే యాంటెనా అక్కడ పనిచేస్తుందన్నమాట. 145 దగ్గర గీత చదునుగా గోడలా నిలబడి ఉంది. ఆయన తెరని జరుపుకుంటూ పోయారు. 150, 170, 190. 196 దగ్గర లోయ కనిపించింది.

"ఎంత కోశావు?"

"34 అండీ. 0.66తో గుణించి."

ఆయన నవ్వి కాఫీ తాగుతూ చెప్పింది మళ్లీ మరిచిపోలేదు. "గొట్టం లోపల నీళ్లు పోతున్నాయి. గొట్టం మీద చీమ పోతోంది. నీళ్ల వేగంతో చీమకేం పని? 0.66 అనేది లోపల, ఆ ప్లాస్టిక్‌లో నడిచే దానికి. నీ యాంటెనాలో కింది సగం నడిచేది జాలీ బయటి ఒంటి మీద. పై సగానికి అసలు జాలీయే లేదు."

కేబుల్ పాడైపోయిందని దిగులుగా చూస్తుంటే ఆయనే దాన్ని తీసుకుని ఇంకో 16 సెం.మీ. జాలీ ఒలిచేశారు. పై సగం 50 అయిపోయింది. కింది సగం కొలత ఇంకొంచెం కిందికి జరిగింది, అంతే. ఈ రకంలో పొట్టిగా కోసినా ఏమీ పోదు, కేబుల్ పొడవే కాస్త తగ్గుతుంది. ముందే తెలిస్తే మూడు వారాలు అంత టెన్షన్ పడేవాడిని కాదు.

50, 50తో పైపులో పెట్టి చూస్తే లోయ 134.5 దగ్గర పడింది. పైపులోంచి బయటికి లాగితే రెండు మూడు మెగాహెర్ట్జ్ పైకి పోయింది. అంటే పీవీసీ కూడా లెక్కలోకి వస్తుంది, పైపులో పెట్టాకే కొలుచుకోవాలి. అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాం. పై తీగని అర సెం.మీ. చొప్పున కత్తిరించవచ్చు. కింది సగాన్ని కత్తిరించలేం కాబట్టి చుట్లు మొదలయ్యే రంధ్రాన్ని పైపు మీద పైకి జరపాలి. నా పైపుకి అలా మూడు దొంగ రంధ్రాలున్నాయి. చివరికి రెండు సగాలూ 46.3 దగ్గర నిలిచాయి. లోయ 145.2లో. యాంటెనా రేడియోకి ఎంత కుదిరిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ అంకె 1.2, ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. నా కొలతలు చూసి అలాగే కోయకండి. మీ పైపు మందం వేరైతే అంకె మారుతుంది, 50 నుంచే మొదలుపెట్టండి.

ఆ పైన అసోసియేషన్ అనుమతి. నవంబరు 10 మీటింగులో విషయం ఎత్తగానే "సెల్ టవర్ పెడుతున్నారా?" అని ఒకాయన లేచారు. ఇంకొకరికి రేడియేషన్ భయం. ఐదు వాట్లండీ, మీ హాల్లో ఎల్ఈడీ బల్బు దీనికి రెట్టింపు తింటుంది అన్నాను. లైసెన్స్ కాపీ ఇచ్చాను. చివరికి రెండు షరతులతో ఒప్పుకున్నారు: నీళ్ల ట్యాంకు నిచ్చెనకి తప్ప ఇంకెక్కడా కట్టకూడదు, బట్టలారేసుకునే తీగలకి అడ్డం రాకూడదు. రెండో దాని మీదే చర్చ ఎక్కువసేపు నడిచింది.

17వ తేదీన కట్టాను. మేడ మీంచి మూడో అంతస్తుకి 12 మీటర్ల కేబుల్ దిగింది. ఇంత సన్న కేబుల్‌లో ఆ పొడవుకి ఐదు వాట్లలో మూడో వంతుకి పైగా దారిలోనే పోతుంది. అయినా రబ్బరు ముక్కతో పోలిస్తే స్వర్గమే. ఇంకొక సంగతి: కేబుల్‌ని నేరుగా హ్యాండ్‌సెట్‌కి తగిలిస్తే ఆ బరువుకి పైనున్న చిన్న ఎస్ఎంఏ సాకెట్ ఊడిపోతుంది. మధ్యలో మెత్తటి చిన్న వైరు పెట్టుకోవాలి, నాకు 260 అయింది. అతుకుల మీద చుట్టే, తనకి తానే అంటుకునే రబ్బరు టేపు 180. మొత్తం 1,575.

నవంబరు 24 రాత్రి 8 దాటాక పిలిచాను. నాలుగు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఎవరో నా కాల్‌సైన్ తిరిగి చదివారు, ఒక్కో అక్షరం విడదీసి. పటాన్‌చెరు అవతలి నుంచి, ఊరికి ఆ చివర. నాకు గొంతు పెగల్లేదు. ఆయనే "కొత్తవారా? నిదానంగా చెప్పండి" అన్నారు. ఏ యాంటెనా అంటే కేబుల్ ముక్కండీ అన్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "ఏమండీ, నిజంగానే మనుషులున్నారే!" అంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ సగమే. డిసెంబరులో ఆశ పుట్టింది. కేబుల్ ఇంకా 11 మీటర్లు మిగిలింది. కోలీనియర్ అనే ఇంకో రకం యాంటెనా కడదామనుకున్నాను. ఇందులో అర తరంగం పొడవు కేబుల్ ముక్కలు నాలుగు, ఒకదాని లోపలి తీగని పక్కదాని జాలీకి, దాని తీగని దీని జాలీకి అడ్డదిడ్డంగా అతకాలి. పైన పావు తరంగం తీగ. ముక్కలన్నీ ఒకే తాళంలో పాడితే సిగ్నల్ పైకీ కిందికీ వృథా పోకుండా అడ్డంగా దూరం పోతుంది. ఇక్కడ తరంగం నిజంగానే కేబుల్ లోపల నడుస్తుంది కాబట్టి 0.66 వాడాల్సిందే. ఈసారి చీమ కాదు, నీళ్లే. అర తరంగం 103.4ని 0.66తో గుణిస్తే 68.2 సెం.మీ. గర్వంగా కోశాను.

డిసెంబరు 8, 15, రెండు ఆదివారాలు కలిపి పదకొండు గంటలు పట్టింది. తొమ్మిది చోట్ల టంకం. జాలీకి వేడి తగిలేలోపే లోపలి తెల్ల ప్లాస్టిక్ వెన్నలా కరిగిపోయి, నడిమి తీగ ఒక పక్కకి ఒరిగి జాలీని తాకేది. మల్టీమీటరు కుయ్యిమనేది. అది కుయ్యిమన్నప్పుడల్లా ఒక అతుకు కోసి మళ్లీ మొదటికి. ఇంత తొందరగా ఎందుకు కరుగుతోందని ఒక్కసారైనా అనుకోలేదు. జవాబు ఆ ప్లాస్టిక్‌లోనే ఉంది. నేను నా చేతివాటాన్ని తిట్టుకున్నాను. పైపు ఒక్కటి మూడు మీటర్లే వస్తుంది, యాంటెనా మూడుంపావు వచ్చింది. కప్లింగ్ వేసి ఇంకో ముక్క కలిపి, వెదురు బొంగుకి కట్టాను.

డిసెంబరు 22న ఫ్లవర్‌పాట్‌ని దించి ఇది ఎక్కించాను. గురువుగారి పెట్టె మళ్లీ అరువు తెచ్చి కొలిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 1.6. పర్లేదే అని మురిసిపోయాను. రాత్రి పిలిస్తే పటాన్‌చెరు ఆయన "ఇవాళ మీ సిగ్నల్ సగమైందే, పాతది బాగుండేది" అన్నారు. మర్నాడూ అదే మాట. మూడో రోజు వినపడనే లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందంటే యాంటెనా రేడియోకి బరువుగా లేదని మాత్రమే అర్థం. అది సిగ్నల్‌ని ఎటు విసురుతోందో ఆ అంకె చెప్పదు. పరీక్షలో ఈ ప్రశ్నకి సరైన జవాబే రాశాను నేను.

సంక్రాంతికి మిగతా పని గాలిపటాలు చేశాయి. జనవరి 14 మధ్యాహ్నానికి బొంగుకి నాలుగు పటాలు, చెప్పలేనంత మాంజా. వాచ్‌మన్ కొడుకు ఒక పటం కోసం దారం పట్టుకు లాగితే యాంటెనా మొత్తం ట్యాంకు మీదికి ఒరిగింది. వాణ్ని కేకలేద్దామని మేడెక్కి, వాడి మొహం చూసి ఊరుకున్నాను. ఎలాగూ పనిచేయనిదే కదా. మాంజాని కత్తెరతో కోసి తీసేసరికి టేపు రెండు చోట్ల తెగి ఉంది.

ఆ వారమే సొంతంగా నానోవీఎన్ఏ ఆర్డర్ పెట్టాను. 4,900 రూపాయలు, ఆరు రోజులకి వచ్చింది. యాంటెనాకి అయిన ఖర్చుకి మూడు రెట్లు, దాన్ని కొలిచే పెట్టెకి. మా ఆవిడకి రెండు వేలని చెప్పాను. ఇది చదివితే చదవనీ.

జనవరి 26 ఉదయం గురువుగారు ఫోన్లో చెప్తుంటే చేశాను. అదే చుట్టలోంచి సరిగ్గా ఒక మీటరు కోసి, ఒక కొసకి ప్లగ్గు వేసి, రెండో కొసని ఊరికే వదిలి తగిలించాలి. వేగం 0.66 అయితే ఆ ముక్క 49.5 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం అవుతుంది, తెర మీద గీత అక్కడ సున్నాని దాటాలి. నా తెర మీద 58.5 దగ్గర దాటింది. రెండోసారీ అంతే. 58.5ని 75తో భాగిస్తే 0.78.

"గోరుతో నొక్కి చూడు" అన్నారు. తెల్ల ప్లాస్టిక్‌ని నొక్కాను. అణిగింది. గోటి గుర్తు అలాగే ఉండిపోయింది. అసలు ఆర్‌జీ58లో అది గట్టిగా, కాస్త అద్దంలా ఉండాలట. నాది పాలలా తెల్లగా, మెత్తగా, ఫోమ్. తొడుగు మీద మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఆర్‌జీ58 అని అచ్చేసి ఉంది. అవసరం లేని చోట 0.66 వాడాను, అవసరమైన చోట అది నా కేబుల్ అంకే కాదు. ఫ్లవర్‌పాట్ ఈ దొంగ కేబుల్‌తోనే హాయిగా ఎందుకు పనిచేసిందో కూడా అప్పుడే వెలిగింది. చీమకి లోపల ఏ ప్లాస్టిక్ ఉంటే ఏంటి.

0.78తో లెక్కేస్తే ముక్క 80.7 సెం.మీ. రావాలి. నేను కోసినవి ఒక్కోటి 12 సెం.మీ. పొట్టి. ఇందులో ఒలిచి సరిచేయడం కుదరదు, అన్నీ మళ్లీ కోయాల్సిందే. ఫిబ్రవరి 2న కూర్చుని నాలుగు గంటల్లో ముగించాను. చేయి తిరిగింది, పైగా ఈసారి టంకం వేసేటప్పుడు తెల్ల ప్లాస్టిక్‌ని తడిగుడ్డతో పట్టుకున్నాను. మొత్తం 3.7 మీటర్లు. ఆ నెలాఖరులో ఒక మిత్రుడు భువనగిరి కోట గుట్టెక్కి హ్యాండ్‌సెట్‌తో మాట్లాడాడు. ఫ్లవర్‌పాట్‌లో అతని మాట ఇసకలో నడిచినట్టు గరగరమంది. కేబుల్ మార్చి కోలీనియర్‌కి పెట్టగానే ఇసక తగ్గింది, గుట్ట మీద గాలి మైకుకి కొడుతున్న చప్పుడు కూడా విన్నాను. అయిదారుసార్లు అటూ ఇటూ మార్చి చూశాను. అతను విసుక్కున్నాడు.

ఆ సంతోషం జూలై దాకా. మాంజా కోసిన పాత టేపు ముక్కల్నే మళ్లీ వాడి పిసినారితనం చేశాను, 180 మిగులుతాయని. రెండు పెద్ద వానల తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ మూడు దాటింది. ఎండ కాస్తే రెండుకి దిగేది, మళ్లీ వానకి ఎక్కేది. దించి కోసి చూస్తే జాలీ నల్లబడి ఉంది, అక్కడక్కడ పచ్చగా చిలుము. అతుకు దగ్గరే కాదు, అక్కణ్నుంచి కిందికి రెండు మీటర్ల దాకా. దీపం వత్తి నూనె పీల్చినట్టు జాలీ నీళ్లు పీల్చేసింది. ఫ్లవర్‌పాట్‌కి పైన పైపు మూత, కింద నీళ్లు కారడానికి చిన్న రంధ్రం ఉన్నాయి, దానికేమీ కాలేదు. ప్రస్తుతం ట్యాంకు నిచ్చెనకి అదే ఉంది. ఉరుము వినగానే ప్లగ్గు పీకడం అమ్మ తన డ్యూటీగా పెట్టుకుంది.

మొన్న శనివారం మళ్లీ గుజరాతీ గల్లీకి వెళ్లాను, వేరే దుకాణానికి. చుట్ట విప్పించి, కొస ఒలిపించి, గోరుతో నొక్కి చూశాను. అణిగింది. ఇంకో చుట్ట తెప్పించాను. అదీ అణిగింది. మూడోది తీస్తూ కుర్రాడు నవ్వాడు: "ఏందన్నా, బెండకాయలు తుంచి చూసినట్టు చూస్తున్నవ్?" మూడోది గట్టిగా ఉంది. మీటరు 85 అన్నాడు. ఆరు మీటర్లు కొట్టించుకున్నాను.